ప టోపీ, వ టోపీ

మన బడి ఒకటో తరగతి గదికి కొత్త అక్షరాల చార్టులు పెడదామన్న ఆలోచన మీద, పూర్వ విద్యార్థిగా నాదో మాట. మనం చదివేటప్పుడు ఆ గదిలో రెండు అక్షరమాలలు ఉండేవి. ఒకటి అచ్చు చార్టు, టీచర్ల కళ్ళకు అందేటంత ఎత్తున మేకుకు వేలాడేది. రెండోది టీచరుగారు కిటికీల కింద నల్లరంగు పట్టీ వేయించి, తెల్ల పెయింటుతో తన చేత్తో రాసింది. పైదాన్ని ఎవరైనా చూశారో లేదో గానీ, కిందిదాన్ని మాత్రం వేళ్ళతో అరగదీశాం.

అప్పట్లో బ్రిటన్ సాయంతో మన ప్రాథమిక బళ్ళలో ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, నడిచేది. పిల్లలు చేసినవి గోడకు పెట్టి గదిని కళగా ఉంచాలన్నది ఆ పథకం సూత్రాల్లో ఒకటి. టీచరుగారు దాన్ని తనకు కావలసినట్టు వాడుకున్నారు.

అచ్చు చార్టుతో చిక్కేమిటంటే, పిల్లలు అక్షరం వదిలేసి బొమ్మ చదువుతారు. ‘ఒ’ దగ్గర ఒంటె ఉండేది. కోనసీమలో ఒంటెను చూసిందెవరు? గుర్రం అనేవాళ్ళం. అందుకే ఆవిడ బొమ్మను అరచేత్తో మూసి, అప్పుడు అడిగేవారు. తన పట్టీ మీద మనకు తెలిసినవే గీశారు: ‘ప’కు గోదావరి దాటించే పంటు, ‘గ’కు గంప. ‘ణ’తో మొదలయ్యే మాట దొరకదు కనక వీణ గీసి, కింద ‘ణ’కు మాత్రం ఎర్రరంగు వేశారు.

వరస చెప్పించేటప్పుడు వేలు నోటి దగ్గర పెట్టించేవారు. క గొంతులో, త పళ్ళ దగ్గర, ప పెదాల మీద. పెదాలు కలపకుండా ‘మ’ అనమని పందెం కట్టేవారు. ఎవరూ గెలవలేదు.

రాతకు వచ్చేసరికి వరస మారిపోయేది. అక్కడ పోలికలను బట్టి గుంపులు. ద కింద గీత పెడితే ధ, లోపల చుక్క కూడా పెడితే థ. ప టోపీ, అదే తలకట్టు, గాల్లో ఉంటుంది, వ టోపీ తలకు అంటుకుంటుంది. వకు మామూలు కొమ్ము తగిలిస్తే మ అయి కూర్చుంటుంది, అందుకే ‘వు’లో కొమ్ము కిందికి దిగుతుంది. ఇది నాకు ఇప్పటికీ భలే అనిపిస్తుంది. తలకట్టు లేని ఖ, జ, ట, ణ, బ, ల పక్కన ఆకుపచ్చ చుక్క ఉండేది, ఎందుకంటే మనలో చాలామంది ‘బ’కు కూడా టోపీ పెట్టేసేవాళ్ళం. ఎక్కడ మొదలుపెట్టాలో ప్రతి అక్షరం మీదా బాణం గుర్తు. గోడ మీద వేలితో దిద్దాకే పలక, పలక కుదిరాకే నోటుబుక్కు.

తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ‘ఏ ఫర్ యాపిల్’ అన్నారు. అక్షరం పేరు ఏ, మాటలో పలికేది యా! తెలుగులో పేరూ శబ్దమూ ఒకటే కావడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

పూర్వ విద్యార్థుల డబ్బుతో ఆ గదికి ఫ్లెక్సీ చార్టులు పెడదామని కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో నమూనా పంపారు. ఫాంటు ముద్దుగానే ఉంది, కానీ అందులో ప ఏదో వ ఏదో నాకే టెన్షన్ వచ్చింది. పైగా అది మళ్ళీ మేకుకే. కాబట్టి ఫ్లెక్సీ వద్దు, చేయి తిరిగిన పెయింటరును పెడదాం. ఎత్తు ఎంతన్నది ఒకటో తరగతి పిల్లను గోడ పక్కన నిలబెట్టి తేలుద్దాం. నా చందా ఆ పద్దులో రాసుకోండి.