ఫెలిసితా ఏడ్చింది

నాది 1999 టెన్త్ బ్యాచ్. ఆ జనవరిని మా బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోయి ఉండరు. ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని బండిలో నిద్రపోతుండగా నిప్పంటించి చంపారు. బరిపదలో కుష్ఠురోగుల మధ్య బతికిన మనిషాయన. మా ఉద్దానం పిల్లలకి ఒడిశా అంటే పక్క ఊరే. బోర్డింగ్‌లో ఆ రాత్రి ఎవరికీ నిద్రలేదు.

తర్వాత ఆయన భార్య గ్లాడిస్ గారు, చంపినవాళ్లని క్షమించానన్నారని పేపర్లో చదివాం. "అలా ఎలా అనగలిగారు టీచరమ్మా? ఆవిడకి ఏడుపు రాదా?" అని అడిగాను.

"ఎందుకు రాదే గుంటా" అన్నారు టీచరమ్మ. సాయంత్రం స్టడీ అవర్లో కరెంటు పోయింది. వరండాలో కూర్చోబెట్టి పెర్పెటువా కథ చెప్పారు.

203లో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం. పెర్పెటువాకి ఇరవై రెండేళ్లు, చంటిబిడ్డ తల్లి. క్రీస్తును వదలనన్నందుకు జైల్లో వేశారు. అక్కడ తన చేత్తో తనే రాసుకుంది. అంత చీకటి ఎన్నడూ చూడలేదని, భయం వేసిందని, బిడ్డ మీద బెంగతో చిక్కిపోయానని రాసింది. బిడ్డని తన దగ్గరే ఉంచుకోనిచ్చాక మాత్రం ఆ చెరసాలే రాజభవనమైపోయిందట. ఆమెతోపాటే పట్టుబడిన బానిస పిల్ల ఫెలిసితా నిండు గర్భిణి. మృగాల ముందుకి తోయడానికి కొద్ది రోజుల ముందు జైల్లోనే నొప్పులొచ్చాయి. తట్టుకోలేక అరిచింది. ఇప్పుడే ఇలా ఏడిస్తే రేపు మృగాల ముందు ఏం చేస్తావని కాపలావాడు వెక్కిరించాడు. ఇప్పటి బాధ నేనే పడుతున్నాను, అక్కడ నాలో ఉండి నా కోసం ఇంకొకరు బాధపడతారు అంది ఫెలిసితా. ఆడపిల్ల పుట్టింది. విశ్వాసుల్లో ఒక సోదరి ఆ పిల్లని పెంచుకుంది.

"విశ్వాసం వదలనందుకు ప్రాణం పోగొట్టుకున్నవాళ్లని హతసాక్షులంటాం. హతసాక్షి అన్న మాటలో అసలు సంగతి సాక్షి. గ్రీకులో మార్తుస్ అన్నా అర్థం సాక్షే. జరిగింది జరిగినట్టు చెప్పేవాడే సాక్షి. భయమేస్తే భయమేసిందనే చెప్తాడు" అన్నారు టీచరమ్మ. పదిహేనేళ్ల వయసులో నాకది సగమే అర్థమైంది.

2011లో నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ జబ్బు తగలని వీధి తక్కువ. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే సోంపేట స్టేషన్‌లో రైలెక్కి విశాఖ వెళ్లేవాళ్లం. కొబ్బరికాయలు దింపి మమ్మల్ని చదివించిన మనిషి ఆయన. ఆయనకి కొబ్బరినీళ్లు తాగొద్దన్నారు. మంచినీళ్లు కూడా గ్లాసుతో కొలిచి ఇవ్వాలి.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన, "హతసాక్షులు మంటల్లో కూడా పాటలు పాడారమ్మా. మీరిలా కంటతడి పెడితే సాక్ష్యం పోతుంది" అని అమ్మతో అన్నారు. మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. కానీ హతసాక్షుల పేరు చెప్పి బాధలో ఉన్నవాళ్ల నోరు నొక్కడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోజు నుంచి అమ్మ ఏడవడం మానేసింది. అన్నం కూడా సరిగా తినేది కాదు.

కొన్నాళ్లకి రైల్లో అమ్మకి ఫెలిసితా కథ చెప్పాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ వింది. చాలాసేపటికి, "అయితే ఆవిడా ఏడ్చిందేటి?" అంది.

"ఏడ్చిందమ్మా, గట్టిగానే."

పలాస వచ్చేదాకా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. విశాఖలో దిగాక చాన్నాళ్లకి ఇద్దరూ కలిసి ఇడ్లీ తిన్నారు.

2013లో నాన్న పోయాడు. కబురు తెలిసి టీచరమ్మ వచ్చారు. అప్పటికే రిటైరయ్యారు, మెట్లెక్కడానికి మనిషి సాయం కావాలి. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అమ్మ పక్కన చాప మీద కూర్చుని ముందు తనే ఏడ్చారు. చాలాసేపయ్యాక సంచిలోంచి బైబిలు తీసి, అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం, రెండో వచనం నన్ను చదవమన్నారు. రాళ్లతో కొట్టి చంపిన స్తెఫనును సమాధి చేసి, భక్తిగల మనుషులు అతని కోసం ఎంతో ఏడ్చారని ఉంటుంది అందులో.

"భక్తిగల మనుషులు" అన్న మాట అమ్మ నా చేత మళ్లీ చదివించుకుంది.