దశమభాగం నేటి విశ్వాసికి విధియా?

బైబిల్లోని మలాకీ 3:8-10 చూపించి, దశమభాగం, అంటే రాబడిలో పదియవ వంతు, ఇవ్వనివారు దేవుని యొద్ద దొంగిలినవారేనని కూలి చేసుకునే విశ్వాసులను భయపెట్టడం నన్ను బాధిస్తుంది. మోషే ధర్మశాస్త్రంలో ఆ పదియవ వంతు పొలం పంటనుంచీ పశువుల మందనుంచీ వచ్చేది. స్వాస్థ్యంగా భూమి లేని, మందిర సేవ చేసే లేవీయులను అది పోషించేది, మూడేళ్లకొకసారి పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు కూడా దానిని తిని తృప్తి పొందాలని ద్వితీయోపదేశకాండము 14 ఆజ్ఞాపిస్తుంది. ఈ మాట ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. అపొస్తలుడైన పౌలు తన పత్రికల్లో ఎక్కడా శాతం నిర్ణయించలేదు. సణుగుకోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నట్టు ఇవ్వమన్నాడు. కాబట్టి పదియవ వంతు నేడు విధి కాదని నా నమ్మకం, అయితే సువార్తికుని పోషించే బాధ్యత 1 కొరింథీయులకు 9 ప్రకారం నిలిచే ఉంది. వంటకు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి ఆదివారం మందిరానికి తెచ్చే తల్లిని శాతం అడగడం అన్యాయం. లక్షలు ఆర్జించేవారు మాత్రం పదియవ వంతుతో ఆగిపోనక్కరలేదు.