టీమ్‌కి వచ్చిన అవార్డు నాదని రాయొచ్చా?

పోయిన అక్టోబర్‌లో ఒక రాత్రి మా అమ్మాయి కామన్ యాప్ (అమెరికా కాలేజీలకి అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) తెరిచి, అవార్డులు రాసే ఆనర్స్ విభాగం దగ్గర ఒకే లైను టైప్ చేయడం, చెరపడం, మళ్లీ టైప్ చేయడం చూశాను. ఏమైందని అడిగితే, "స్టేట్ సైన్స్ ఒలింపియాడ్‌లో వచ్చిన సెకండ్ ప్లేస్ నాది కాదు కదమ్మా, టీమ్‌ది, రాస్తే అబద్ధం అవుతుందేమో" అంది. అప్లికేషన్ల టెన్షన్‌లో ఉన్న పిల్లకి నేనేం చెప్పాలో ఆ నిమిషానికి నాకూ తోచలేదు.

సైన్స్ ఒలింపియాడ్ అంటే స్కూల్ టీమ్‌లు రకరకాల ఈవెంట్లలో పోటీపడే సైన్స్ పోటీ. తర్వాత కూర్చుని ఆలోచిస్తే విషయం తేలికే. ఆనర్స్‌లో 5 అవార్డులే రాయనిస్తారు, ఒక్కోదానికి ఖాళీలతో కలిపి 100 అక్షరాలు. ఏ గ్రేడ్‌లో వచ్చింది, స్కూల్ స్థాయా, స్టేటా, నేషనలా, ఇంటర్నేషనలా అని అడుగుతారు గానీ అది ఒక్కరికి వచ్చిందా, టీమ్‌కి వచ్చిందా అని అడిగే గడి ఎక్కడా లేదు. కాబట్టి ఆ మాట మనమే పేరులో రాయాలి. 'టీమ్' అని ఒక్క ముక్క చేరిస్తే సరిపోతుంది.

మాకు తెలిసిన ఒక కాలేజీ అడ్మిషన్ల కన్సల్టెంట్ మాత్రం ఆ మాట తీసేయమన్నారు, ఉంటే అవార్డు విలువ తక్కువగా కనిపిస్తుందట. నాకు ఒళ్లు మండింది. సైన్స్ ఒలింపియాడ్ టీమ్‌లో 15 మంది దాకా ఉంటారు, వాళ్లలో 12వ గ్రేడ్ పిల్లలు ఏడుగురి వరకు ఉండొచ్చు. ఆ ఏడుగురిలో ముగ్గురు ఒకే కాలేజీకి అప్లై చేశారనుకోండి. చాలా కాలేజీల్లో ఒక ప్రాంతం ఫైళ్లన్నీ ఒకే మనిషి చదువుతారు. ఒకరు టీమ్ అని, ఇంకొకరు తన సొంత గెలుపులా రాస్తే ఆ చదివేవాళ్లకి ఏమనిపిస్తుంది?

మరి పిల్ల సొంతంగా చేసిన పని ఎక్కడ చెప్పాలి? అదే ఫారంలోని యాక్టివిటీస్ విభాగంలో. అక్కడ ఒక్కో యాక్టివిటీ గురించి రాయడానికి 150 అక్షరాలు ఇస్తారు. మా అమ్మాయి, తన పార్ట్‌నర్ కలిసి టవర్ ఈవెంట్ చేశారు. బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసిన సన్నటి పుల్లలు గ్రాముల్లో తూచి, బ్లేడుతో కోసి, గమ్‌తో అతికించి కడతారు. పోటీలో దానికి బకెట్ వేలాడదీసి కొద్దికొద్దిగా ఇసుక పోస్తారు, ఎంత మోసిందో చూసి టవర్ బరువుతో భాగిస్తారు. ఎన్ని టవర్లు మా గరాజ్‌లో విరిగాయో, ప్రతిసారీ ఎక్కడ విరిగిందో నోట్‌బుక్‌లో గీసుకుని మళ్లీ కట్టేవాళ్లు. ఆ డిజైన్, ఆ టెస్టులు, జూనియర్లకి నేర్పించడం, ఇవే ఆ 150 అక్షరాల్లోకి వెళ్లాలి. 'మేము గెలిచాం' అని అక్కడ మళ్లీ రాస్తే చోటు దండగ.

ఇంకో చిక్కు కూడా ఉంది. టవర్ ఈవెంట్‌లో వచ్చిన మెడల్ ఇద్దరిది. స్టేట్ సెకండ్ ప్లేస్ అన్ని ఈవెంట్ల ర్యాంకులు కలిపితే మొత్తం టీమ్‌కి వచ్చింది. ఈ రెండూ ఒకటి కావు, కలిపేసి రాయకండి. రెండు మూడేళ్లు అదే అవార్డు వస్తే మూడు లైన్లు వాడక్కర్లేదు, ఒకే లైనులో రాసి ఆ గ్రేడ్లన్నీ టిక్ చేస్తే చాలు, మిగతా చోటు వేరే వాటికి దొరుకుతుంది.

చివరికి తను 'స్టేట్ సైన్స్ ఒలింపియాడ్, టీమ్ 2వ స్థానం' అని ఒక లైను, 'టవర్ ఈవెంట్ మెడల్, ఇద్దరి జట్టు' అని ఇంకో లైను రాసింది. సబ్మిట్ నొక్కే ముందు పార్ట్‌నర్‌కి ఫోన్ చేసి, "నువ్వేం రాశావు, చదువు" అని అడిగి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుంది.