వచ్చు, సగం వచ్చు, రాదు

కర్నూలు దగ్గర పల్లెలో నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఈ మధ్య మార్కులు వేయడం మానేసి, ప్రతి లెక్క పక్కనా వచ్చు, సగం వచ్చు, రాదు అని పిల్లల చేతే రాయిస్తున్నాను.

503లో నుంచి 278 తీసివేయమంటే ఒక పాప 375 వేసి, ధీమాగా "వచ్చు" అని రాసింది. పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలో నుంచి చిన్నది తీసేసింది. తప్పని చెప్పలేదు. "నీ జవాబుకు 278 కలిపి చూడమ్మా" అన్నాను. 653 వచ్చింది. కాసేపు నోట్‌బుక్ వైపు, కాసేపు నా వైపు చూసి, "పదుల్లో సున్నా ఉంది కదా సార్, అప్పు ఎవరిస్తారు?" అంది. ఉల్లి రైతు బిడ్డ, అప్పు బాధ తెలియనిదా! చివరికి వందల ఇంటికి వెళ్లి 225 తెచ్చింది. "వచ్చు"ను తానే "సగం వచ్చు"గా దిద్దుకుంది.

2009 విద్యాహక్కు చట్టం చెప్పిన నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఒక్క పరీక్షతో తేల్చకుండా పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో ఎప్పటికప్పుడు చూడటం, ఇలాగే ఉండాలి. మా దగ్గర అది ఎక్కువగా రిజిస్టర్లు నింపడంలోనే గడిచిపోతోంది.

ఒక చిక్కు మాత్రం తేలలేదు. బాగా చేసే పిల్లలే భయపడి "సగం వచ్చు" అని రాస్తున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో ఉపాధ్యాయ మిత్రులు చెప్పండి.