పాపతో అక్వేరియం: నీళ్ళు పోసినప్పట్నుంచి కోరీలు వచ్చేదాకా

మా పాపకు ఏడేళ్ళు. అక్వేరియం పెడదామనగానే తను అడిగింది గుండ్రటి గాజు గిన్నె, అందులో ఒక గోల్డ్ ఫిష్. ఆ రెండూ కుదరవని ముందే చెప్పేశాను. గోల్డ్ ఫిష్ 20 సెంటీమీటర్లు దాటి పెరగగల చేప. బాగా తింటుంది, అంతే బాగా నీళ్ళు పాడు చేస్తుంది. దాన్ని గిన్నెలో పెట్టడం హింస. పాప కాసేపు మూతి ముడుచుకుంది కానీ, తర్వాత తనే వచ్చి "మరి మనింట్లో ఏ చేప హాయిగా ఉంటుందమ్మా?" అంది. సరైన ప్రశ్న అదే. లెక్కలు అక్కణ్ణుంచి మొదలుపెట్టాం.

తీసుకున్నది 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ట్యాంకు. అంచుదాకా నింపితే 54 లీటర్లు. ఇసుక, రాళ్ళు పోను, పైన కాస్త వెలితి వదిలితే 45 లీటర్లు పడతాయి. చిన్నదైతే చూసుకోవడం తేలికని చాలామంది 10, 15 లీటర్ల వాటితో మొదలుపెడతారు. నిజానికి చిన్నదే కష్టం. నీళ్ళు తక్కువున్న చోట చిటికెడు మేత ఎక్కువ పడినా అంతా పాడవుతుంది, వేడి కూడా గబగబా పెరిగి తగ్గుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ చిటికెడు ఎప్పుడో ఒకప్పుడు పడి తీరుతుంది.

లీటరు నీళ్ళంటే కిలో బరువు. గాజు, ఇసుక, రాళ్ళు కలుపుకుంటే మొత్తం 65 కిలోలు దాటుతుంది, అందుకని ఊగని గట్టి బల్ల చూసుకోవాలి. మేం పాప కళ్ళ ఎత్తుకు వచ్చేలా పొట్టి బల్ల మీద పెట్టాం. కిటికీ ఎండ నేరుగా పడితే పాచి పడుతుంది కాబట్టి లోపలి గోడ వైపు. ప్లగ్గుకి వెళ్ళే వైర్లన్నీ ఒకసారి కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా సర్దాను. వైరు వెంట నీళ్ళు జారినా స్విచ్ బోర్డు దాకా పోకుండా కిందనే కారిపోతాయి. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్చులన్నీ ఆఫ్ చేయాలి. ఈ రూల్ పాపకంటే ముందు పెద్దవాళ్ళకి.

ఫిల్టరు స్పాంజ్ రకం, ఎయిర్ పంపుతో నడిచేది. లాగుడు నెమ్మదిగా ఉంటుంది, చిన్న చేపలు ఇరుక్కోవు. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే గొట్టం మధ్యలో చెక్ వాల్వ్ (ఒక వైపుకే పోనిచ్చే చిన్న కవాటం) తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్ణుంచి నేల మీదికి వస్తాయి. హీటరు 50 వాట్లది, 24 డిగ్రీల దగ్గర పెట్టాం.

ఇసుక కడగడం పాప పని. బకెట్లో కొంచెం ఇసుక వేసి, నీళ్ళు పోసి, చేత్తో కలిపి, మురికి వంచేయడం. నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ. విసుక్కోకుండా చేసింది. సన్నటి నున్నటి ఇసుకే ఎందుకంటే, తర్వాత తేవాలనుకున్న కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్ ఫిష్‌లు) ఇసుకని నోట్లోకి తీసుకుని మేత ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తాయి. పదునైన రాళ్ళుంటే వాటి మీసాలు దెబ్బతింటాయి. ఇసుక మీద ఒక పళ్ళెం బోర్లించి దానిమీద నీళ్ళు పోస్తే కింద గుంట పడదు.

మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియాస్, వెనక వైపు వాలిస్నేరియా. మొదటి రెండింటికీ అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది, చెక్కకో రాయికో దారంతో కట్టాలి. ముడులన్నీ పాపవే. కొన్ని బూట్ల లేసుల్లా పెద్ద పెద్దగా ఉన్నాయి, అయినా ఆకులు పెరిగి కప్పేశాయి. చెక్కని ముందే ఉడకబెట్టినా నీళ్ళకి లేత గోధుమ రంగు వచ్చింది. దాంతో చేపలకి ఏ హానీ లేదు, నీళ్ళు మార్చేకొద్దీ అదే తగ్గిపోయింది. లైటు రోజుకి 7 గంటలు, టైమరు మీద.

ఇక అసలు పని. చేపల వ్యర్థం, మిగిలిపోయిన మేత, కుళ్ళిన ఆకు అన్నీ అమ్మోనియాగా మారతాయి. అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మోతాదు మించనంతవరకు ఫరవాలేదు, మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగతాది నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. కొత్త ట్యాంకులో ఈ రెండు రకాల బ్యాక్టీరియా దాదాపు ఉండదు. స్పాంజ్‌లో, ఇసుకలో, రాళ్ళ మీద స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలు వేయకూడదు. పాపకి ఇంతే చెప్పాను: "చేపలకంటే ముందు వాటి మురికి తినేవాళ్ళు రావాలి. రెండు టీములు రావాలి."

ఆ బ్యాక్టీరియాకి తిండిగా అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం వేసి అమ్మోనియాని 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు వంతులు) దగ్గరికి తెచ్చాం. తర్వాత టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండటమే. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు, సీసా మీద రాసినన్ని చుక్కలు, మూత పెట్టి ఊపి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ మందులు చర్మానికి మంచివి కావు, అందుకని చుక్కలు నేను వేస్తాను, తను పైకి లెక్కపెడుతుంది. తర్వాత తెల్ల కాగితం ముందు గొట్టం పెట్టి రంగు పోల్చడం పూర్తిగా తన పని. మా కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. అంకెలు రాయమంటే పాపకి ఆసక్తి లేదు, రంగు పెన్సిళ్ళు తెచ్చుకుని నోట్‌బుక్‌లో గడులు గీసి, గొట్టంలో కనిపించిన రంగే నింపడం మొదలుపెట్టింది. నా అంకెల పట్టిక కంటే ఆ పేజీయే బాగా అర్థమవుతుంది. పిల్లలతో అక్వేరియం పెట్టేవాళ్ళందరికీ ఈ పద్ధతి చెబుతున్నాను. ఖాళీ ట్యాంకు ముందు వారాల తరబడి కూర్చోబెట్టగలిగింది ఆ గడులే.

మొదట్లో అన్నీ ఆకుపచ్చ గడులు. ఆ మధ్యలో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. కొత్త ట్యాంకుల్లో ఇది మామూలే, ఏమీ చేయకుండా వదిలేస్తే కొన్ని రోజుల్లో అదే తేటపడుతుంది. తర్వాత ఆకుపచ్చ పలచబడి పసుపులోకి వచ్చింది, దాంతోపాటే నైట్రైట్ వరుస ముదురు ఊదా అయింది. మొదటి టీమ్ వచ్చేసిందన్నమాట. రెండో టీమ్ ఎప్పుడూ ఆలస్యమే. స్కూలు నుంచి రాగానే బ్యాగైనా దించకుండా "ఇంకా ఊదాయేనా?" అని అడిగేది. చాలా రోజులు ఊదాయే. ఒక సాయంత్రం గొట్టం లేత నీలంగా నిలిచిపోయింది. పాప నమ్మలేక ఇంకోసారి చేయించింది, మళ్ళీ నీలమే. అప్పుడు 2 పీపీఎం అమ్మోనియా మళ్ళీ వేసి 24 గంటల తర్వాత చూశాం. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం ఎర్రగా ఎక్కువ చూపించింది కాబట్టి ముప్పావు వంతు నీళ్ళు మార్చేశాం. నైట్రేట్ టెస్ట్ చేసేవాళ్ళకి ఒక మాట: రెండో సీసాని బాగా గట్టిగా, కిట్‌లో చెప్పినంతసేపూ ఊపాలి. ఊపకపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

మొదట ఆరు గప్పీలు, అన్నీ మగవే. మా నీళ్ళు కొంచెం గట్టి నీళ్ళు, అంటే ఖనిజ లవణాలు ఎక్కువున్నవి, పీహెచ్ 7.4, గప్పీలకి అది నచ్చుతుంది. ఆడవి ఒక్కటి ఉన్నా చాలు, ఒకసారి జతకడితే నెలల తరబడి విడతలు విడతలుగా పిల్లలు పెట్టగలదు. అందుకే "అన్నీ ఆడవే తెద్దాం" అన్నా లాభం లేదు. పొట్ట కింద రెక్క పుల్లలా సన్నగా ఉంటే మగది. పాప అద్దానికి ముఖం ఆనించి ఒక్కొక్కదాన్నీ చూసి మరీ ఎంచింది.

తెచ్చాక కవరుని అలాగే పావుగంట నీళ్ళలో తేలనిచ్చాం, తర్వాత మా ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా కవర్లో పోసి, చివరికి చేపల్ని మాత్రం వలతో లోపల వదిలాం. కవర్లో నీళ్ళు ట్యాంకులో పోయలేదు. ఆ రాత్రి లైటు లేదు, మేతా లేదు.

మేత విషయంలో టెన్షన్ ఎక్కువ, ఎందుకంటే పిల్లలకి ప్రేమంటే తినిపించడమే. దానికి మా ఉపాయం: మాత్రలు పెట్టుకునే ఏడు గడుల డబ్బా. ఆదివారం నేను కొలిచి నింపుతాను, రోజుకో గడి పాప వేస్తుంది, ఒక గడి ఖాళీ. ఆ రోజు చేపలకి ఉపవాసం. రెండు నిమిషాల్లో అయిపోయేంతే కొలత.

మూడు వారాలు రీడింగులు సున్నా దగ్గరే నిలిచాక ఆరు పాండా కోరీలు తెచ్చాం. కళ్ళ మీద నల్ల మచ్చలు, అడుగున గుంపుగా తిరుగుతాయి. వీటిని ఒంటరిగా పెట్టకూడదు. వచ్చిన మర్నాడే పాప అరిచింది: "అమ్మా, దానికి ఊపిరాడట్లేదు!" ఒక కోరీ అడుగు నుంచి బాణంలా పైకి దూసుకెళ్ళి, గాలి గుటకేసి, మళ్ళీ కిందికి వచ్చేసింది. అది వాటి అలవాటు. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ని పేగులు తీసుకుంటాయి, మిగతాది వెనక నుంచి పోతుంది. ఆ ఆఖరి ముక్క విని పాప పడీ పడీ నవ్వింది. ఎప్పుడో ఒకసారి పైకెళ్తే భయం లేదు. చేపలన్నీ పైనే తేలుతూ ఆయాసపడుతుంటే మాత్రం వెంటనే నీళ్ళు పరీక్షించాలి.

కోరీలు వచ్చాక కొన్నాళ్ళకి ఒక గప్పీ పోయింది. పాప ఏడ్చింది, ఏడుస్తూనే "నీళ్ళు చూద్దాం" అని కిట్ తెచ్చింది. పసుపు, లేత నీలం. అంతకుముందు నుంచే అది చిక్కిపోతూ వచ్చింది, నడుము కూడా కొంచెం వంగింది. జబ్బేమో అనుకుని మిగతావాటిని జాగ్రత్తగా గమనించాం, అవి బాగానే ఉన్నాయి. దాని బదులు ఇంకోటి తేవట్లేదు.

ఇప్పుడు వారానికోసారి పావు వంతు నీళ్ళు మారుస్తున్నాం. ముందు హీటరు ఆఫ్ చేయాలి, నీళ్ళు దిగి బయటపడ్డ వేడి గాజు పగిలే ప్రమాదం ఉంది. సైఫన్ గొట్టం నేను పట్టుకుంటాను, బకెట్ నిండుతుంటే పాప చెబుతుంది. కొత్త నీళ్ళలో క్లోరిన్ విరిచే మందు కలిపాకే పోస్తాం. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) ఉన్న నీళ్ళయితే రాత్రంతా నిలవ ఉంచినా పోదు, మందు వేయాల్సిందే. స్పాంజ్‌ని ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండుతాం. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి వారాలపాటు ఎదురుచూసి తెచ్చుకున్న రెండు టీములూ చచ్చిపోయే ప్రమాదం ఉంది.

తాజా రీడింగు: అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10. గాజు మీద సన్నగా గోధుమ రంగు పాచి పట్టింది. దానికోసం పాప నెరైట్ నత్త కావాలంటోంది. వీటి గుడ్లు మంచినీళ్ళలో పొదగవు, కాబట్టి సంఖ్య పెరిగిపోతుందన్న భయం లేదు, ఒకటి తెస్తాం. చెర్రీ రొయ్యలు మాత్రం ఇప్పుడే కాదు. వాటి పిల్లల్ని గప్పీలు తినేస్తాయి. ముందు జావా మాస్ అనే నాచు మొక్క తెచ్చి చెక్క నిండా కట్టి, అది గుబురుగా పెరిగాక చూస్తాం.