బర్గండీలో మౌంటెన్ బైక్: తోటల్లో కాదు, తోటల నెత్తిన

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో బోన్ ఊరి నుంచి దక్షిణంగా సాన్త్‌నే దాకా ద్రాక్షతోటల మధ్య 22 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. పొమ్మార్, వోల్నే, మెర్సో, ప్యులిన్యీ, షసాన్య్... వైన్ సీసాల మీద కనిపించే పేర్లన్నీ ఊళ్ళై వరసగా ఎదురొస్తాయి. దారి నున్నగా ఉంటుంది, ఎత్తుపల్లాలు తక్కువ, పిల్లలు కూడా తొక్కేస్తారు. అందుకే చాలామంది మౌంటెన్ బైక్ వేసుకొచ్చి కూడా ఈ దారి మీదే అటూ ఇటూ తిరిగి బర్గండీ చూసేశాం అనుకుంటారు. అంత దూరం బండి మోసుకొచ్చింది దీనికా? తొక్కాల్సిన అసలు నేల తోటలకు పైన, అడవి మొదలయ్యే చోట ఉంది.

ఈ ప్రాంతాన్ని మూడంతస్తుల మేడ అనుకోండి. కింద సోన్ నది మైదానం: కాలువ గట్లు, పొలాలు. దాని పక్కన తూర్పుకూ ఆగ్నేయానికీ తిరిగిన పొడవాటి వాలు, దాన్నే కోత్ అంటారు. సముద్రమట్టానికి సుమారు 220 మీటర్ల దగ్గర మొదలై 350 దాకా ద్రాక్ష ఉంటుంది. గ్రాన్ క్రూ, అంటే అన్నిటికన్నా పై తరగతి తోటలు చాలావరకు వాలు నడుం దగ్గరే: కింద నీళ్ళు నిలుస్తాయి, మరీ పైన మట్టి పలచబడి చలెక్కువ. ఆ పైన అడవి, రాతి పీఠభూమి. దాన్ని ఓత్-కోత్ అంటారు, ఎత్తు 400 నుంచి 500 మీటర్లు. వాలును అక్కడక్కడ కోసుకుంటూ వచ్చిన ఎండులోయలున్నాయి, వాటి పేరు కోంబ్. కింది నుంచి పైకి చేర్చే దారులు ఎక్కువగా ఈ కోంబ్‌ల గుండానే వెళ్తాయి.

సాళ్ళ మధ్య ఎందుకు తొక్కకూడదో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫొటోల్లో ఆ సాళ్ళే ఊరిస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షంటే పందిరి, కింద నీడలో మనిషి నిటారుగా నడిచిపోవచ్చు. ఇక్కడ తీగ నడుం ఎత్తు దాటదు. సాలుకీ సాలుకీ మధ్య ఒక మీటరు, మొక్కకీ మొక్కకీ మధ్య దాదాపు మరో మీటరు. అంటే హెక్టారుకు పదివేల మొక్కలు. ట్రాక్టర్ కూడా సాలు మధ్యన పట్టదు, పొడుగు కాళ్ళేసుకుని సాలు మీదుగా నడుస్తుంది. 76 సెంటీమీటర్ల హ్యాండిల్‌బార్ మీటరు సందులో దూరుతుందేమో గానీ, నడుం ఎత్తులో లాగి కట్టిన ఇనుప తీగలు చేతినీ బ్రేక్ లివర్నీ పట్టుకుంటాయి. మట్టి సంగతి ఇంకోటి. పెద్ద వాన పడితే పైమట్టి కిందికి కొట్టుకుపోతుంది, రైతులు దాన్ని మళ్ళీ పైకి మోసి పోసుకుంటారు. టైరు చేసిన గాడి వాననీళ్ళకు కాలువవుతుంది. ఖరీదైన వైన్‌కు పేరుపడ్డ రొమానే-కోంతీ తోట మొత్తం 1.8 హెక్టార్లే, దాని రాతి సిలువ దగ్గర లోపలికి అడుగు పెట్టవద్దని బోర్డే ఉంది. 2015లో యునెస్కో ఈ తోటల ముక్కలను, అంటే క్లిమాలను, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బండి తోటల మధ్య మట్టి బాటల మీదే ఉండాలి.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా తోటలకు తెగుళ్ళ మందు చల్లే కాలం. గంధకం, రాగి మందులు సేంద్రియ తోటల్లో కూడా వాడతారు. కొట్టిన తోటలోకి మళ్ళీ అడుగుపెట్టడానికి మందును బట్టి 6 గంటల నుంచి 48 గంటల గడువు చట్టంలో ఉంది. ముందు ట్రాక్టర్ మంచు పొగలా చిమ్ముతూ కనిపిస్తే గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎగువ బాట పట్టండి. బాటిల్ మూతికి మూత లేకపోతే ఆ తుంపర మీ నోట్లోకే వస్తుంది.

ఇక టైర్లు. నేలలో రెండు రకాలు కలిసి ఉంటాయి: సున్నపురాయి, బంకమట్టితో కలిసిన సుద్ద. ఎండగా ఉన్నప్పుడు రెండూ బంగారమే. వాన పడితే రెండు రకాల కష్టం. సుద్దమట్టి మన నల్లరేగడిలాగే టైరుకు చుట్టుకుంటుంది. ఫ్రేముకూ టైరుకూ మధ్య సెంటీమీటరు సందు కూడా లేని బండైతే వంద మీటర్లలో చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకి, గడ్డి అంచున నెట్టుకుంటూ పోవడమే. సున్నపురాతి పలకలేమో తడిసిన నాపరాయిలా జారతాయి. వాటి మీద బ్రేకు గట్టిగా నొక్కినా, హ్యాండిల్ తిప్పినా పడతారు. రాయి రాకముందే వేగం తగ్గించుకుని దాని మీద నిటారుగా పోనివ్వాలి. తోటల వాలు ఎండ తగిలి ఒక రోజులో ఆరుతుంది, అడవి నీడలోని బాటలకు రెండు మూడు రోజులు పడుతుంది. వాన వెలిసిన రోజుకే ఆ 22 కిలోమీటర్ల నున్నటి దారి పనికొస్తుంది.

75 కిలోల మనిషికి, 29 అంగుళాల చక్రం, 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరైతే గాలి ముందు 22 పీఎస్ఐ, వెనక 25 పెట్టి మొదలుపెట్టండి. బరువు పది కిలోలు పెరిగితే రెండు పీఎస్ఐ చొప్పున పెంచండి. ఇంకా తగ్గిస్తే పట్టు బాగుంటుంది గానీ పీఠభూమి నుంచి దిగేటప్పుడు పలకల అంచులకు రిమ్ము తగులుతుంది. కాలువ గట్టు మీద రోజంతా తొక్కేట్టయితే 32 దాకా పోనివ్వొచ్చు. ట్యూబ్‌లు వేసుకుని వస్తే పంక్చర్ల లెక్క తప్పదు. బాటల అంచున నల్లముళ్ళ పొదలుంటాయి, చలికాలంలో వాటిని యంత్రంతో కొట్టేస్తారు, ముళ్ళన్నీ బాట మీదే రాలతాయి. ట్యూబ్‌లెస్‌లో పంక్చర్లను పూడ్చే ద్రవం, సీలెంట్, చక్రానికి 100 మిల్లీలీటర్లు చాలు. కానీ అది మూడు నాలుగు నెలల్లో ఆరిపోతుంది. ఇంట్లో ఎప్పుడో పోసింది ఇక్కడ పనిచేస్తుందని నమ్ముకోకండి.

ముల్లు కన్నా ఎక్కువ మంది ప్రయాణం ఆపేది ద్రాక్షపుల్ల. జనవరి నుంచి మార్చి దాకా తీగలు కత్తిరిస్తారు. పెన్సిలంత లావు, మూరెడు పొడుగు పుల్లలు బాట మీద పడుంటాయి. ముందు చక్రం దాన్ని ఎగరేస్తుంది, అది వెనక గేర్లు మార్చే డెరైలర్‌కూ స్పోకులకూ మధ్య ఇరుక్కుంటుంది. తర్వాత అర చుట్టు పెడల్ చాలు, డెరైలర్‌ను పట్టుకునే హ్యాంగర్ వంగుతుంది, లేదంటే విరుగుతుంది. వెనక నుంచి టకటకమని చప్పుడు రాగానే కాళ్ళు ఆపండి. దిగి, పెడల్‌ను కొంచెం వెనక్కి తిప్పి, పుల్లను వచ్చిన దారినే లాగండి. అంతటితో అయిపోయిందనుకోకండి. వెనక నుంచి చూస్తే డెరైలర్ కింది చక్రం పై చక్రానికి సూటిగా ఉండాలి. లోపలికి వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. అలాంటప్పుడు అతి పెద్ద పళ్ళచక్రానికి గేరు మార్చారా, డెరైలర్ స్పోకుల్లోకి పోయి చక్రం కూడా పోతుంది. బండిని ఎత్తి పట్టుకుని, చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో గేరూ మార్చి చూడండి. తగిలేట్టుంటే ‘ఎల్’ అని రాసిన మరను పావు చుట్టు చొప్పున బిగించి ఆ చివరి గేరుకు పోకుండా ఆపేయండి. ఎక్కడం కష్టమవుతుంది గానీ ఇంటికి చేరతారు. హ్యాంగర్ ఒక్కో బండికి ఒక్కో ఆకారం, ఊళ్ళో షాపులో మీది దొరక్కపోవచ్చు. అరచేతిలో పట్టే ఆ ముక్కను, 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలను సంచిలో వేసుకోండి.

దారి విషయానికొస్తే, ఒక్క రోజే ఉంటే బోన్ నుంచి బయల్దేరి చుట్టి వచ్చేది ఇది. పక్కదారులను బట్టి 45 నుంచి 50 కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తం 600 నుంచి 800 మీటర్లు. పొమ్మార్, వోల్నే దాటి మెర్సో దాకా కాళ్ళు వేడెక్కడానికి. మెర్సో నుంచి కుడికి మళ్ళి ఓసే-ద్యురెస్ లోయలోకి పోవాలి. కార్లన్నీ డి973 రోడ్డు మీద పోతాయి, మీరు తోటల బాటలు పట్టండి. లోయ చివర సాన్-రొమాన్. ఊరు రెండు ముక్కలు: కింద ఒకటి, కొండచరియ మీద ఒకటి. కింది ఊళ్ళో వైన్ పీపాలు చేసేవాళ్ళున్నారు, ఓక్ చెక్కలు వానకూ ఎండకూ ఆరేలా ఆరుబయట గుట్టలుగా పేర్చి ఉంటాయి. పై ఊరికి ఎక్కే దారి పొట్టిదే గానీ నిటారు. ముందు 32 పళ్ళు, వెనక 51 ఉంటే కూర్చునే ఎక్కొచ్చు. వెనక 42తో ఆగిపోయే పాత బండైతే ముందు 28 కావాలి. అక్కడి తోటలు 400 మీటర్ల దాకా పాకుతాయి, ఈ వాలులో బాగా ఎత్తున ఉన్నవాటిలో అవి కూడా.

పై ఊరు దాటాక ఓర్ష్ దాకా అసలైన నేల. ఒక పక్క సున్నపురాతి చరియలు, ఇంకో పక్క అడవి, మధ్యలో రాళ్ళ బాట. పొలాల్లోంచి ఏరిన రాళ్ళను బాట అంచున గోడల్లా పేర్చి ఉంటారు, వాటిని మ్యుర్జే అంటారు. సున్నం లేకుండా పేర్చినవి, సైకిల్ ఆనించకండి, ఎక్కి దిగకండి. ఒక్క రాయి కదిలితే వరసంతా జారుతుంది. ఓర్ష్ నుంచి బోబిన్యీ మీదుగా లా రోష్‌పో. అడవి నుంచి బయటపడగానే రంగురంగుల పెంకులతో కోట కనిపిస్తుంది. చూడ్డానికి అంతా మధ్యయుగం నాటిదే అనిపిస్తుంది గానీ, ఇప్పుడు కనిపించేదాంట్లో చాలా భాగం ఒకప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో కుటుంబం శిథిలాల మీద మళ్ళీ కట్టించినది. లోపలికి వెళ్ళాలని టైము పెట్టుకోకండి, అందం బయటి నుంచే.

తిరుగు ప్రయాణంలో డి906 రోడ్డు జోలికి పోవద్దు. మ్యాప్‌లో దగ్గరిదారిలా కనిపిస్తుంది, నిజానికి లారీల దారి. దానికి పైనున్న బాటల మీదుగా గమే అనే చిన్న ఊళ్ళోకి దిగండి. గమే ద్రాక్షకు పేరొచ్చింది ఈ ఊరి నుంచే అంటారు. ఆ రకాన్ని ఈ వాలు మీద వేయకూడదని 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ఆజ్ఞ వేశాడు. అక్కణ్ణుంచి ప్యులిన్యీ, మెర్సో, బోన్.

దారి అడిగేటప్పుడు ఒక చిక్కు. మోన్‌రషే అని పేరున్న తోట ఒకటుంది, ఆ పేరులో ‘ట’ పలకరు. రాసినట్టు మోంట్రాచెట్ అంటే ఎవరికీ అర్థం కాదు. ప్యులిన్యీ, షసాన్య్ రెండూ 1879లో ఆ తోట పేరును తమ పేరుకు తోక తగిలించుకున్నాయి, కాబట్టి ‘మోన్‌రషే ఎటు’ అని అడిగితే రెండు ఊళ్ళలో ఏదైనా చూపించొచ్చు. గుర్తుల సంగతి తేలిక: ఒక త్రికోణం, రెండు గుండ్రాలు కనిపిస్తే అది మౌంటెన్ బైక్ దారి, ఆకుపచ్చ నుంచి నీలం, ఎరుపు, నలుపు దాకా కష్టం పెరుగుతుంది. ఎరుపు-తెలుపు గీతలు నడిచేవాళ్ళవి. అక్కడ మెట్లూ నిచ్చెనలూ రావచ్చు.

తిండి దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఊళ్ళలో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా దుకాణాలు మూత, హోటళ్ళలో భోజనం ఆ రెండు గంటల్లోనే. రెండున్నరకు ఆకలితో ఊళ్ళోకి దిగితే తలుపులన్నీ వేసే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం ఇంకా కష్టం. పొద్దున్నే బేకరీలో రొట్టె కొని సంచిలో పెట్టుకోండి. నీళ్ళకు శ్మశానం చూసుకోండి, నవ్వకండి. ఊరి శ్మశానంలో పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. ‘నోన్ పోతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా పై అడవుల్లో వేట సాగుతుంది, ముఖ్యంగా శని ఆదివారాల్లో. బాట మొదట్లో వేట జరుగుతోందని బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి. ఆ నెలల్లో నల్ల జెర్సీ వద్దు, నారింజరంగు వేసుకోండి. సెప్టెంబరు కోతల కాలం కూడా, బాటల నిండా బళ్ళూ కూలీలూ.

వైన్ రుచి చూడటం సాయంత్రానికి పెట్టుకుంటే మంచిది. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల హద్దు సైకిల్‌కీ వర్తిస్తుంది, దాటితే 135 యూరోల జరిమానా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కినా అంతే. చిన్న తోటల వాళ్ళ సెల్లార్లకు ముందుగా ఫోన్ చేసి వెళ్ళాలి, కోతలప్పుడు వాళ్ళకు తీరిక ఉండదు. రుచి చూసి పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం అక్కడ మామూలే, ఎవరూ ఏమనుకోరు. కొన్న సీసాను వీపుసంచిలో పెట్టుకుని మాత్రం దిగకండి. నిండు సీసా కిలో పావు పైమాటే. వెల్లకిలా పడితే అది సరిగ్గా వెన్నెముక కింద ఉంటుంది. కొట్లోనే ఉంచి, సాయంత్రం బండి కడుక్కున్నాక తెచ్చుకోవచ్చు. కడగడం కూడా ఆ రాత్రే జరగాలి. ఆ సుద్దమట్టి తెల్లారేసరికి సున్నంలా గట్టిపడి, బ్రేక్ ప్యాడ్ల సందుల్లోంచి ఉలితో చెక్కాల్సి వస్తుంది.