బాక్ డాంగ్ డయోరామా: గుంజలన్నీ పీకి మళ్ళీ గుచ్చాను

రెండు వారాల పని పాడైంది, తప్పు పూర్తిగా నాదే. వియత్నాంలో 938లో జరిగిన బాక్ డాంగ్ నది యుద్ధాన్ని డయోరామాగా, అంటే బల్ల మీద పట్టే చిన్న నమూనా దృశ్యంగా, 1:200 స్కేల్‌లో చేస్తున్నాను. 60×40 సెంటీమీటర్ల ప్లైవుడ్, పైన థర్మాకోల్, దాని మీద వాల్ పుట్టీతో బురద నేల. అందులో ఇనుప మొనలు తొడిగిన గుంజలు 140.

టూత్‌పిక్‌లు పనికిరావు. రెండు మిల్లీమీటర్ల పుల్ల ఈ స్కేల్‌లో 40 సెంటీమీటర్ల దుంగ అవుతుంది. ఆ నది దగ్గరి యెన్ జాంగ్‌లో తవ్వకాల్లో బయటపడ్డ గుంజలేమో సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్లే (అవి 1288లో ఇదే నదిలో మంగోలుల నౌకలను ఆపినప్పటివి, మందం కోసం మాత్రమే చూశాను). చివరికి కొబ్బరి చీపురు ఈనెలు దొరికాయి. సన్నటి కొస వైపు నుంచి కోసి, బ్లేడుతో చెక్కి, మొనకి నలుపు కలిపిన సిల్వర్ రంగు అద్దితే చాలు. ముందు సూదితో రంధ్రం చేయకపోతే ఈనె వంగిపోతుంది, అది గుర్తుంచుకోండి.

ఇక తప్పు సంగతి. శత్రువు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి మొనలన్నీ అటే వంచి గుచ్చేశాను. కానీ ఆ యుద్ధం గెలిచిన వియత్నాం సేనాని న్గో కుయెన్ ఎత్తుగడ అది కాదు. కుయెన్ మామ యాంగ్ దిన్ న్గేని 937లో చంపిన కియూ కాంగ్ తియెన్ దక్షిణ హాన్ (దక్షిణ చైనాలోని రాజ్యం) చక్రవర్తి సాయం అడిగాడు, చక్రవర్తి కొడుకు ల్యూ హోంగ్‌చావ్ నౌకలతో బయలుదేరాడు, ఈలోపు కుయెన్ తియెన్‌ని చంపేసి నది ముఖద్వారంలో గుంజలు పాతించాడు. పోటు మీద గుంజలు నీళ్ళలో మునిగి ఉండగా కుయెన్ చిన్న పడవలు ఊరించి వెనక్కి తగ్గాయి, హాన్ పెద్ద నౌకలు వాటి మీదుగానే లోపలికి వచ్చేశాయి. ఆటు మొదలయ్యాక ఎదురుదాడి. అంటే నౌకలు గుంజలకి తగులుకున్నది తిరిగి సముద్రం వైపు పోతున్నప్పుడు! మొనలు ఎగువ వైపు ఉంటేనే పొట్టలో దిగుతాయని నా లెక్క. 140 పీకాను, సగం విరిగాయి.

నీటి మట్టానికీ లెక్క కావాలి. ఈ నది కలిసే టొంకిన్ సింధుశాఖలో రోజుకి ఒక్కటే పోటు, ఒక్కటే ఆటు, పెద్ద పోటు రోజుల్లో తేడా మూడు నాలుగు మీటర్లు, అంటే నా బల్ల మీద 15 నుంచి 20 మిల్లీమీటర్లు. గుంజలు బురద పైన 15 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయి, రెసిన్ (నీళ్ళలా కనిపించడానికి పోసే, ఆరాక గట్టిపడే ద్రవం) 10 దగ్గర ఆపుతాను, అప్పుడు మొనలు 5 మిల్లీమీటర్లు పైకి తేలతాయి. మొత్తం మునిగిపోయేలా పోస్తే చూసేవాళ్ళకి ఉత్త నదే.

రెసిన్ ఒకేసారి పోయొద్దు, మూడేసి మిల్లీమీటర్లు, మధ్యలో ఒక రోజు ఆగాలి. ఒండ్రు రంగుకి గోధుమ రంగు పొడి చిటికెడు, ఎక్కువైతే టీ అయిపోతుంది (మొదటి ట్రయల్ అచ్చం అదే). అంచుకి టేపు ఒక్కటే వేశాను, రాత్రి కారి కింద పరిచిన పేపరంతా గట్టిపడింది, ఇప్పుడు సిలికాన్ కూడా పట్టించాను. మొదటి పొర బాగానే ఆరింది. రెండోది ఆదివారం, ఆ తర్వాత పొట్ట చీలిన పెద్ద నౌకని కాస్త పక్కకి వాలుగా కూర్చోబెట్టాలి.